ఓటి బొక్కెన

మొన్న ఆదివారం పొద్దున మా మనవరాలు శ్రావణి ఒక చేత్తో టీ గ్లాసు, ఒక చేత్తో ఫోను పట్టుకొని నా గదిలోకి వచ్చి కూర్చుంది. ఆ పిల్లకు ఫుట్‌బాల్ పిచ్చి. అది నా నుంచే అంటుకుందని ఇంట్లో అందరూ నన్నే అంటారు గాని, నేను బంతిని ముట్టి అరవై ఏళ్లు దాటింది, ఆ ఆట గురించి ఆమె దగ్గర ఎన్నడూ నోరు తెరిచింది లేదు. ఫోనులో చదివిన వార్త ఒకటి చెప్పింది. ఎక్కడో విదేశంలో పంతొమ్మిదేళ్ల పిల్లవాడొకడట. వాణ్ని సొంత జట్టువాళ్లు సీజన్ నడుమ వేరే జట్టుకు లోన్ మీద పంపారట. అక్కడ కుదురుకోలేక, బంతి అందితే తడబడుతుంటే జనం తిట్టిపోస్తున్నారట. "లోన్ బ్యాంకులోళ్లే ఇస్తరనుకున్నవా తాతా, మనుషులను గూడ ఇస్తరు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "నన్నూ ఇచ్చిన్రు" అన్నాను. పరాచికమాడుతున్నానని అనుకుంది. నా రాతబల్ల మీద ఒక ఇత్తడి చెంబు ఉంటుంది. పెన్నులు, కత్తెర, పళ్లూడిన దువ్వెన అందులో పెట్టుకుంటాను. దాన్ని ఇటు తెమ్మన్నాను. దాని మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలను శ్రావణి కూడబలుక్కొని చదివింది: వెంకట్రాములు, పానగల్లు. అది మా తాత పేరు. పుట్టినప్పటినుంచి చూస్తున్న చెంబే గాని, అది ఒకప్పుడు పాలమూరు పోయి వచ్చిందని ఆమెకు తెలియదు. ఆమెకే కాదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లంతా పోయారు. ఆరోజు శ్రావణికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఆమెకు చెప్పేటప్పుడు మింగేసిన రెండు మూడు ముక్కలతో సహా.

పానగల్లులో మా ఇల్లంటే నాకు ముందు చప్పుడే గుర్తొస్తుంది. ముందరి అర్రలో బాపు గుంటమగ్గం మీద కూర్చుంటే తెల్లవారినప్పటినుంచి దీపాలు పెట్టేదాకా నూలు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే చప్పుడు. వాకిట్లో అవ్వ రాట్నం ముందర కూర్చొని కండెలు చుట్టే చప్పుడు. అవ్వ అంటే మా బాపు తల్లి. అమ్మ నా చిన్నప్పుడే పోతే నన్ను సాకింది ఆమే. ఇల్లంతా గంజి వాసన. పడుగుకు పట్టించిన గంజి ఎండలో ఆరుతుంటే వచ్చే పులుపు వాసన మా బట్టలకు, జుట్టుకు, తినే నూకల అన్నానికి కూడా పట్టి ఉండేది. బడికి నల్లగొండకు నడిచి పోతే పక్కన కూర్చున్నవాడు ముక్కు చిట్లించేవాడు. అప్పుడు సిగ్గుపడేవాణ్ని. ఇప్పుడు ఆ వాసన కోసం చేనేత దుకాణాల్లోకి ఊరికే దూరి చీరలు ముక్కు దగ్గర పెట్టుకుంటే అమ్మేవాళ్లు వింతగా చూస్తారు.

అవ్వకు ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక లెక్క ఉండేది. ఇంటింటికీ అప్పట్లో ఆ లెక్క ఉండేది గాని మా అవ్వ దాన్ని కచేరీలో అమీను లాగా నిక్కచ్చిగా నడిపేది. పక్కింటివాళ్లు దోసెడు ఉప్పో, సోలెడు పిండో, చారెడు నూనో అడిగితే అది బదులు. ఆ ఉప్పును వాళ్లు తినేస్తారు, తర్వాత వేరే ఉప్పు తెచ్చిస్తారు. తాడో, చాటో, గంగాళమో అడిగితే అది ఎరువు. వాడుకొని మళ్లీ ఆ వస్తువునే తెచ్చి ఇవ్వాలి. ఎరువు తెచ్చుకున్న గిన్నెను ఉత్తగా తిరిగి ఇవ్వకూడదు, చిటికెడు పసుపో నాలుగు గింజలో వేసి ఇవ్వాలి. ఎరువు పోయిన సామాను తోవ తప్పకుండా ఇల్లు చేరాలనే తాత పేరు, ఊరి పేరు ప్రతి గిన్నె మెడకూ కొట్టించింది. మా ఎదురింటి రాజవ్వ మాత్రం ఏది పట్టుకుపోయినా వారం దాటినా తెచ్చిచ్చేది కాదు. అడిగితే మొహం మాడ్చుకునేది. అందుకని అవ్వ ఆమె కోసమే ప్రత్యేకంగా ఒక ఓటి బొక్కెన దాచిపెట్టింది. అడుగున సన్నని బొక్క, బావిలో నుంచి పైకి వచ్చేసరికి సగం నీళ్లు కారిపోయేవి. "మంచి బొక్కెన ఇస్తే మన మొకం జూడదు. గిదైతె పొద్దూకకముందే ఇల్లు జేర్తది" అని నాకు కన్నుగీటి చెప్పేది. నిజంగానే రాజవ్వ సాయంత్రానికల్లా గొణుక్కుంటూ దాన్ని తెచ్చి మా గడపలో పెట్టేది. అవ్వా నేనూ లోపల నోరు మూసుకొని నవ్వుకునేవాళ్లం.

నేను ఆట నేర్చింది నల్లగొండలో, మా డ్రిల్లు సారు దగ్గర. ఆయన బడి పిల్లలను, బడి మానేసినవాళ్లను కలిపి ఒక జట్టు కట్టారు. వట్టి కాళ్లతోనే ఆట. మడమలకు పాత ధోవతి పేలికలు బిగించి కట్టుకునేవాళ్లం. అతుకులేసీ వేసీ బరువెక్కిన ఒకే ఒక తోలు బంతి, వాన పడితే దాన్ని తన్నినవాడి వేళ్లు విరగాలి. నాది ఎడమ చివర, లెఫ్ట్ అవుట్ అనేవాళ్లు. ఎత్తు లేదు, ఒంట్లో కండ లేదు, కాని ఎడమ కాలితో బంతిని గీత గీసినట్టు గోలు ముందరికి పంపేవాణ్ని. ఆంధ్రా తెలంగాణ కలిసిన కొత్త అది. పోలీసులోనో రైల్వేలోనో ఆటగాళ్లకు కొలువులిస్తున్నారని చెప్పుకునేవాళ్లు. నాకూ ఆ ఆశ ఉండేది. బాపు మగ్గం మీద పొద్దంతా వంగి కూర్చొని లేచేటప్పుడు నడుం పట్టుకొని చేసే మూలుగు విన్న ఏ కొడుక్కైనా ఉంటుంది.

పదో తరగతిలో ఉండగా దసరా దాటిన తర్వాత, పోటీల కాలం సగం నడిచిన తర్వాత, డ్రిల్లు సారు ఒక సాయంత్రం మా ఇంటికే వచ్చారు. పాలమూరులో ఒక సేటుకు పల్లినూనె మిల్లు ఉందని, మిల్లులో పనిచేసేవాళ్లతో జట్టు నడుపుతున్నాడని, వాళ్ల లెఫ్ట్ అవుట్ కాలు విరిగి పడ్డాడని, మిల్లు లెక్కలు చూసే మునీం తనకు స్నేహితుడని చెప్పారు. "శివరాత్రి దాంక పిలగాన్ని వాళ్లకు బదులిద్దం సాయిలూ. తిండి వాళ్లదే, ఉండెతందుకు జాగ వాళ్లదే. రెండు కొత్త బంతులు, పంపు గూడ మన జట్టుకు పంపిస్తమన్నరు. వీనికి కప్పు ఆడిన పేరొస్తది, రేపు కొలువుకు పనికొస్తది" అని బాపుతో అన్నారు. బాపు మగ్గం మీద నుంచి లేవకుండానే తెగిన పోగు అతుకుతూ విన్నాడు. అవ్వ రాట్నం ఆపింది.

"బదులనకు సారూ, ఎరువను. బదులిచ్చింది మల్ల అదే రాదు."

సారు నవ్వి, "ఎరువే అవ్వా, ఎరువే. నీ మనుమన్ని నేనే తోలుకొచ్చి నీకప్పజెప్త. సరేనా?" అన్నారు.

"మరి గా రెండు బంతులేంది? మనిషిని తీస్కొని వస్తువిస్తే గది బదులే అయితది గని ఎరువెట్లైతది?"

సారు బాపు వైపు తిరిగారు. నేను అప్పటికే మనసులో బస్సెక్కేశాను. బాపు సరే అన్నాడు. బయల్దేరే పొద్దున అవ్వ ఈ చెంబు నా మూటలో పెట్టింది. కొత్త ఊరి నీళ్లు పడవని, ఏ నీళ్లైనా ఒక పూట ఇత్తడిలో నిలవుంచి తాగమని చెప్పి, మెడ మీది అక్షరాలను బొటనవేలితో ఒకసారి తడిమింది. "పేరున్నది. నువ్వు మర్సినా అది ఇంటికొస్తది" అన్నది.

దేవరకొండ మీదుగా, జడ్చర్ల మీదుగా రెండు బస్సులు మారి పాలమూరు చేరేసరికి పొద్దుగూకింది. మిల్లు వాకిట్లో దిగగానే వాసన కొట్టింది. వేగిన పల్లీల కమ్మదనం కాదు, నూనె పిండిన పిప్పి కుప్పలు కుప్పలుగా మగ్గే ముక్కిన వాసన. ఆ వాసన మూడో రోజుకు తెలియకుండా పోతుందని చెప్పారు. నాకు చివరి రోజు దాకా పోలేదు. మునీం నన్ను ఎగాదిగా చూసి, "గింతే ఉన్నడా" అని, మిల్లు వెనక రేకుల ఇళ్ల వరసలో ఒక ఇంటికి పంపాడు. పోయి చూస్తే అది కాలు విరిగిన ఆటగాడి ఇల్లు. అతని పేరు నర్సిములు. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. నులక మంచం మీద పడుకొని ఉన్నాడు. కుడికాలికి మినప్పిండి, గుడ్డు తెల్లసొన కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టి ఉంది. గదంతా ఆ నీచు వాసన. అతని తల్లి ఈదమ్మ మిల్లులో పల్లీలు చెరిగే పనికి పోతుంది. ఎవరి జాగాలో ఆడటానికి వచ్చానో వాళ్ల ఇంట్లోనే నన్ను పెట్టారు. మునీంకు అందులో తప్పేమీ కనిపించలేదు. జట్టు తరఫున ఆ ఇంటికి వచ్చే జొన్నలు ఎట్లాగూ వస్తున్నాయి, తినేవాడు ఇంకొకడు, అంతే.

ఈదమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అది నాకు మరీ కష్టంగా ఉండేది. తెల్లవారకముందే లేచి రొట్టెలు కొట్టేది. ఆమె అరచేతి చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. రొట్టె మీద పల్లీల కారం, పుంటికూర పెట్టి, "తిను నాయినా, ఆడనీకి బలం గావాలె" అనేది. మేము తినెతందుకు అంటే వాళ్లు తిననీకి అంటారు, మేము ఎక్కడ అంటే వాళ్లు యాడ అంటారు. నేను నోరు తెరిస్తే వరసలోని ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లు. అన్నిటికంటే ఒక మాట నన్ను చంపేది. వాళ్లు తల్లిని అవ్వ అంటారు. నర్సిములు మంచం మీద నుంచి "అవ్వా" అని పిలిచినప్పుడల్లా నా ప్రాణం గడప దాకా పోయి తిరిగి వచ్చేది. అక్కడ ఈదమ్మ నిలబడి ఉండేది, మా అవ్వ కాదు. పదిహేడేళ్లు నిండినవాణ్ని, మీసాలు వస్తున్నవాణ్ని, మిల్లు వెనక పల్లిపొట్టు కుప్పల చాటుకు పోయి పొద్దున పూట ఏడ్చేవాణ్ని. ఉప్పునీళ్లకు కడుపు చెడి సగమైపోయాను. చెంబులో నిలవుంచినా అవి ఉప్పునీళ్లే.

నర్సిములు మొదటి వారంలోనే నాకు సంగతి చెప్పాడు. దాచలేదు. "తమ్మీ, ఈ మిల్లుల మేమంత బంతి ఆడేటోల్లమనే పనిల ఉన్నం. సేటుకు కప్పు పిచ్చి. ఈసారి కప్పు రాకపోతే జట్టు తీసేస్తనన్నడు. జట్టు ఉంటెనే కాలు అతికేదాంక నా జాగ ఉంటది. నువ్వు మంచిగ ఆడు, నా ఫికర్ చెయ్యకు" అన్నాడు. అంటే నేను బాగా ఆడితే అతని జాగా నిలుస్తుంది. నేను అతని జాగా తీసుకోవడానికి కాదు, కాపాడటానికి వచ్చానన్నమాట. ఈ మాట అప్పుడు నాకు తెలియదని రాసుకుంటే ఇప్పుడు అడిగేవాళ్లెవరూ లేరు. కాని తెలుసు. స్పష్టంగా, ఆ గదిలో ఆ నీచు వాసన మధ్య కూర్చొని విన్నాను.

మైదానంలో పరిస్థితి ఇంకా అన్యాయం. మిగతా వాళ్లంతా పిప్పి బస్తాలు ఎత్తేవాళ్లు, భుజాలు బండల్లాంటివాళ్లు. నాకు బంతి ఇచ్చేవాళ్లు కాదు. ఎడమ చివర గీత మీద నేను అటూ ఇటూ ఉరుకుతూనే ఉండేవాణ్ని, ఆట నడుమలోనే నడిచేది. ఎప్పుడైనా పొరపాటున బంతి నా దాకా వస్తే మొరం నేల మీద అది ఎటు ఎగురుతుందో నాకు అంతుపట్టేది కాదు. చూసేవాళ్లు "ఓ బదులోడా, నల్లగొండకు దోవ అటు గాదు" అని అరిచేవాళ్లు. ఊళ్లో నా పేరు ఎవరికీ తెలియదు, అందరికీ బదులోణ్నే. డ్రిల్లు సారుకు కార్డు రాశాను, వచ్చి తీసుకుపొమ్మని. శివరాత్రి దాకా ఓర్చుకొమ్మని, బంతులు అందాయని, చాలా మంచి బంతులని ఆయన జవాబు రాశారు. ఆ కార్డు చదివిన రోజే నాకు రాజవ్వ గుర్తొచ్చింది. మంచి బొక్కెననైతే శివరాత్రి దాకా ఉంచుకుంటారు. ఓటి బొక్కెననైతే పొద్దూకకముందే ఇల్లు చేరుస్తారు.

చెడగొట్టి ఆడటం చేతకానివాడికి రాదు, ఆట బాగా తెలిసినవాడికే వస్తుంది. బంతికి అరడుగు వెనకబడితే చాలు. గోలు ముందరికి పంపవలసిన బంతిని ఇంకొంచెం లోపలికి తన్నితే అది వాళ్ల గోలీ చేతుల్లోకే పోతుంది, ఎవరూ తప్పు పట్టలేరు. రెండు ఆటలు అట్లా ఆడాను. అయినా జట్టు ఎట్లాగో గట్టెక్కింది. మునీం నసుగుతున్నాడు గాని పొమ్మనలేదు. ఈలోగా ఒక సంగతి జరిగింది. నర్సిములు ఆటగాళ్లను తన మంచం దగ్గరికి పిలిపించుకొని, "వాడు నా జాగల ఉన్నడు. వానికిస్తే నాకిచ్చినట్టే, వానికియ్యకపోతే నన్ను తీసేసినట్టే" అని చెప్పాడట. మరుసటి ఆట నుంచి నాకు బంతి రావడం మొదలైంది. ఇన్నాళ్లూ దేనికోసం ఏడ్చానో అదే వచ్చింది. కాని అప్పటికి నా మనసు ఇంటికి పోయింది, దాన్ని వెనక్కి పిలవాలని నాకే అనిపించలేదు.

కప్పు చివరి ఆటకు ముందరి ఆట, ఓడితే పోటీ అయిపోయినట్టే, సేటు కుర్చీ వేసుకొని కూర్చున్న రోజు అది. నర్సిములును పిప్పి మోసే తోపుడు బండి మీద పడుకోబెట్టి తెచ్చి మైదానం అంచున, నేనాడే పక్కనే నిలిపారు. ఈదమ్మ పక్కన నిలబడి కొంగుతో అతనికి ఎండ పడకుండా పట్టుకుంది. చెరొక గోలు అయ్యాక, ఆట ఇక కాసేపట్లో ముగుస్తుందనగా, మా సెంటర్ ఫార్వర్డ్ బంతిని నాకు తోశాడు. నా ముందర ఎవరూ లేరు. గోలీ అటు చివర పడి ఉన్నాడు. చిన్నపిల్లవాడు తన్నినా లోపలికి పోతుంది. నేను చూసి, కాలు కొంచెం కిందుగా వేసి, బంతిని గోలు మీదుగా పైకి ఎగరగొట్టాను. తర్వాత క్షణాల్లోనే అటువాళ్లు గోలు చేశారు. సేటు లేచిపోయాడు. జనం తిట్లు నాకు వినపడలేదు. తలొంచుకొని బండి పక్కనుంచి పోతుంటే నర్సిములు నా చేయి పట్టుకున్నాడు.

"తమ్మీ, కాలు జారిందా, మనసు జారిందా?"

"రాయి తగిలిందన్నా" అన్నాను.

అతను నా కాలి వేళ్ల వంక చూశాడు. "తగిల్తది, మొరం జాగ" అని చేయి వదిలేశాడు.

మర్నాడు పొద్దున్నే మునీం మనిషి వచ్చి మొదటి బస్సుకు పొమ్మన్నాడు. ఈదమ్మ అప్పటికే మిల్లుకు పోయింది. నర్సిములు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు, నిద్రపోతున్నాడో లేదో నేను చూడలేదు. గబగబా మూట కట్టుకున్నాను. చెంబు కుండల చాటున ఉండిపోయింది. దేవరకొండ దాటాక గాని అది గుర్తు రాలేదు. గుర్తొచ్చినా బాధ కలగలేదు. ఈ ముక్క శ్రావణికి చెప్పలేకపోయాను: ఆ బస్సు కిటికీ దగ్గర కూర్చొని నేను సంతోషంగా ఉన్నాను. పాట పాడుకున్నాను కూడా.

నల్లగొండలో నా జాగాలో ఇంకొకడు కొత్త బంతితో ఆడుతున్నాడు. నన్ను చూసి డ్రిల్లు సారు పెద్దగా ఏమీ అనలేదు, బంతులు తిరిగి పంపాలేమోనని మాత్రం కొంచెం కంగారుపడ్డారు. నెల తిరగకముందే ఆయనే చెప్పారు, సేటు జట్టు తీసేశాడని, ఆడేవాళ్లందరినీ పనిలోంచి పంపేశాడని. "పాపం, గా కాలిరిగినాయన పని గూడ పోయిందట" అని, వెంటనే వేరే మాటలోకి పోయారు. ఆ సాయంత్రం మైదానానికి పోయాను. బంతి నా కాళ్ల దగ్గరికి దొర్లుకుంటూ వచ్చింది. దాన్ని తన్నలేకపోయాను. పక్కకు తప్పుకున్నాను. మళ్లీ పోలేదు. బడి అయ్యాక మగ్గం గుంటలోకి దిగాను, తర్వాత రాతకోతల కొలువేదో దొరికింది. చెంబేదని అవ్వ ఒకటి రెండు సార్లు అడిగింది. మరిచిపోయి వచ్చానన్నాను.

రెండు ఎండాకాలాలు గడిచాయి. ఒక మిట్టమధ్యాహ్నం మా వాకిట్లోకి ఒక ముసలామె వచ్చి, "ఎంకట్రాములు ఇల్లు ఇదేనా?" అని అడిగింది. చచ్చిపోయిన మా తాత పేరు చెప్పి అడిగేవాళ్లెవరా అని అవ్వ రాట్నం ఆపి చూసింది. నేను మగ్గం మీద నుంచి చూసి గుర్తుపట్టాను. ఈదమ్మ. రెండేళ్లలో ఇరవై ఏళ్లు మీదపడ్డట్టుంది. నెత్తిన తట్ట మోసీ మోసీ నడినెత్తిన జుట్టు రాలిపోయింది. కొంగు ముడి విప్పి చెంబు తీసి అవ్వ ముందర పెట్టింది. అందులో దోసెడు పల్లికాయలున్నాయి.

"మీ చెంబు తల్లీ. పిలగాడు మర్సొచ్చిండు. నాకు అచ్చరాలు రావు, యాడియ్యాల్నో ఎరుక లేకుండె. కాల్వ పనికాడ మేస్త్రీ సదివి జెప్పిండు. ఊరికి మల్లిపోతున్న, ఇటే గదా అని వచ్చిన. ఎరువు సామాను, మీది మీకు జేరాలె."

అవ్వ ఆమెను కూర్చోబెట్టింది. నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. ఒక్కొక్క ముద్దా మింగుతూ ఆమె చెప్పుకుపోయింది. మిల్లు ఇల్లు ఖాళీ చేయమంటే చేశారట. మిర్యాలగూడెం అవతల కాలువ తవ్వుతున్నారంటే మందితో కలిసి ఆ పనికి వచ్చారట. నర్సిములు కాలు వంకరగా అతికిందట, తట్ట మోయలేక కూర్చొని కంకర కొట్టేవాడట. పోయిన వానల్లో చలిజ్వరం వచ్చిందట. గుడిసెల్లో చాలామందికి వచ్చిందట. "నాలుగొద్దులు పండుకుండు. అయిదో నాడు లేవలేదు" అన్నది. పక్కింటి సంగతి చెబుతున్నట్టే చెప్పింది. నాడె పక్కన పెట్టాను. లేచి వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆ రాయి సంగతి అబద్ధమని చెప్పాలనుకున్నాను. "పెద్దమ్మా, ఆరోజు నేను" అన్నాను. మాట పూర్తి కాకముందే ఆమె నా నెత్తి మీద చేయి పెట్టింది.

"ఎరుకే నాయినా. నువ్వు పోయిన నాడే జెప్పిండు. 'పోరనికి ఇంటి మీద పానం గొట్టుకున్నదవ్వా, కావాల్నని తన్నిండు, వాన్నేమనకు' అన్నడు. నేనేమంటలేను."

అన్నం తిన్న ఆకు తీసి, ఎండ తగ్గకముందే లేచింది. అవ్వ ఆమె కొంగులో సోలెడు బియ్యం పోసింది. ఊరి చెరువు కట్ట దాకా నేను వెంట పోయాను. ఇక చాలు పొమ్మన్నది. మళ్లీ ఎన్నడూ చూడలేదు. తర్వాత కొలువు పని మీద పాలమూరు రెండుసార్లు పోయాను. మిల్లున్న చోట గోదాములున్నాయి. ఈదమ్మ ఊరి పేరేమిటో కూడా నేనెన్నడూ అడగలేదని అక్కడ నిలబడ్డాక గాని తట్టలేదు.

ఈదమ్మ వచ్చిపోయిన సాయంత్రం అవ్వ నన్ను పిలిచి, "ఏం గావాల్నని తన్నినవు?" అని అడిగింది. అంతా చెప్పాను, రాజవ్వ బొక్కెన సంగతితో సహా. ఆమె తిట్టలేదు. మర్నాడు వీధిలోకి మాట్లు వేసేవాడు వస్తే వాణ్ని ఆపి, దాచిపెట్టిన ఓటి బొక్కెనను తెచ్చి, దగ్గరుండి దాని బొక్క మూయించింది. నీళ్లు పోసి కింద చేయి పెట్టి చూసుకుంది. ఆ తర్వాత రాజవ్వ ఎప్పుడు వచ్చినా ఆ మంచి బొక్కెననే ఇచ్చింది. వారమైనా పదిరోజులైనా అది తిరిగి రాకపోతే ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు ఆటగాళ్లు విమానాల్లో పోతారు. వాళ్లకు వంటవాడు, వైద్యుడు, మనసు బాగాలేకపోతే మాట్లాడేందుకు మనిషి కూడా ఉంటాడని శ్రావణి చెప్పింది. మంచిదే. నాకు అట్లాంటివాళ్లు లేరని చెప్పి తప్పించుకోలేను. నాకు ఈదమ్మ రొట్టెలుండేవి, నర్సిములు ఉండేవాడు. నేను మరిచొచ్చిన చెంబును వాళ్లు ఎరువు సామానే అనుకొని, మెడ మీది పేరు చదివించుకొని, పల్లికాయలు వేసి తెచ్చి ఇచ్చారు. నేను వాళ్ల దగ్గర తిన్నది బదులు. దాన్ని కొలిచి మళ్లీ ఇవ్వడానికి నా దగ్గర కొలత లేదు, పుచ్చుకోవడానికి అటు మనుషులు లేరు.

శ్రావణి ఫోను ఎప్పుడో బోర్లించింది. చెంబులోని పెన్నులు, కత్తెర తీసి బల్ల మీద పెట్టి, పెరట్లోకి తీసుకుపోయి చింతపండుతో తోమింది. నీళ్లు నింపి తెచ్చి నా ముందర పెట్టి, అడుగున చేయి పెట్టి తడిమి చూసింది.

"ఇది ఓటిది గాదు గద తాతా?"

"చెంబు గాదు బిడ్డా" అన్నాను.